చిన్న గస్తీ బోటు ఇవాళ సముద్రంలోకి వెళ్లొచ్చా? గాలి, అల చూసి తేల్చుకోవడం ఎలా

"మన బోటు ఎంత ఎత్తు అల దాకా తట్టుకుంటుంది?" మెరైన్ పోలీసులోనో కోస్ట్ గార్డులోనో నేవీలోనో కొత్తగా చేరిన మన తీరం కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. అడగాల్సిన ప్రశ్నే, కానీ ఆఖరున అడగాల్సింది. బోటు చెడే లోపే అందులో ఉన్నవాడి నడుము చెడుతుంది, నడుము చెడే లోపే రాడార్ తెర మీద ఎదుటి పడవ కనపడకుండా పోతుంది, ఇవన్నీ జరిగే లోపే వెళ్లిన పని కుదరకుండా పోతుంది, అంటే ట్రాలర్ (పెద్ద చేపల పడవ) పక్కన ఆనుకుని మనిషిని పైకి ఎక్కించడమో, ఒడ్డున జవాన్లను దింపడమో. కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోండి. తిరిగి రాగలమా? అక్కడ పని చేయగలమా? అక్కడిదాకా పోగలమా? మూడింట్లో ఏది ముందు కాదంటే ఆ రోజుకి అదే హద్దు.

చిన్న బోట్లంటే ఇక్కడ ఏవో ముందే అనుకుందాం. గాలి నింపిన రబ్బరు జెమినీలు, అడుగు గట్టిగా ఉండి చుట్టూ గాలి ట్యూబులుండే ఆర్‌హెచ్‌ఐబీలు, ముంబై దాడుల తర్వాత 2009లో నేవీ పెట్టిన సాగర్ ప్రహరీ బల్ నడిపే ఫాస్ట్ ఇంటర్‌సెప్టర్లు, మెరైన్ పోలీస్ స్టేషన్లకు ఇచ్చిన 5 టన్నుల, 12 టన్నుల బోట్లు, వీటన్నిటికన్నా పెద్దవైన కోస్ట్ గార్డు ఇంటర్‌సెప్టర్ బోట్లు. ఈ చివరివి దాదాపు 28 మీటర్లుంటాయి, జెమినీ అయిదు మీటర్లకు అటూ ఇటూ. ఒకే సముద్ర వాతావరణ బులెటిన్ రెండింటికీ ఒకే మాట చెప్పదు, అది గుర్తుంచుకుని చదవండి.

బులెటిన్‌లో ఏం చూడాలి

సముద్రం సంగతి చెప్పే సంస్థ మన దగ్గరే ఉంది, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్. 1999లో మొదలైన ఈ సంస్థ తీరం వెంబడి అల ఎత్తు, దూరం నుంచి వచ్చే స్వెల్ ఎత్తు, దాని వ్యవధి (ఒక అల శిఖరం వచ్చాక తర్వాతిది వచ్చేదాకా పట్టే సెకన్లు), దిశ, గాలి, నీటి ప్రవాహం అన్నీ ముందుగా అంచనా వేసి ఉచితంగా ఇస్తుంది. 2020 నుంచి చిన్న నౌకల కోసం విడిగా హెచ్చరికలు కూడా ఇస్తున్నారు, 7 మీటర్ల వెడల్పు దాకా ఉన్న పడవలు ఎక్కడ బోల్తా పడే ప్రమాదముందో 10 రోజుల ముందు నుంచే చెబుతారు. ఆ హెచ్చరిక ఒక్క అల ఎత్తు చూసి ఇచ్చేది కాదు. అల ఎంత నిట్రంగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత తొందరగా పెరుగుతోంది, ఇవన్నీ కలిపి చూస్తారు. గాలి, తుపాను సంగతికైతే విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక్క మొబైల్ యాప్‌లో రంగులు చూసి బోటు తీయడం నాకు నచ్చని అలవాటు.

బులెటిన్‌లో కనిపించే అల ఎత్తు "సిగ్నిఫికెంట్" ఎత్తు. అంటే వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటికి కట్టిన సగటు. 2 మీటర్లు అని రాసి ఉంటే ప్రతి ఏడు అలల్లో ఒకటి అంతకన్నా పెద్దదే వస్తుంది, మూడు గంటలు సముద్రంలో ఉంటే 4 మీటర్లకు దగ్గరగా ఒక అల ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. మీరు సిద్ధపడాల్సింది ఆ ఒక్కదానికి.

ఈ లెక్క పుట్టిందే చిన్న సైనిక బోట్ల కోసం. 1942లో ఉత్తర ఆఫ్రికా మీద దిగడానికి అమెరికన్ సైన్యం కరోలినా తీరంలో సాధన చేస్తుంటే, అల కాస్త పెరిగితే చాలు బోట్లు అడ్డం తిరిగి నీళ్లు నిండేవి, ఆ రోజుకి సాధన ఆపేసేవారు. దిగబోయే మొరాకో తీరంలో శీతాకాలం అల అంతకన్నా పెద్దది. ఈ సంగతి గమనించిన కుర్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ తన గురువు హెరాల్డ్ స్వెర్‌డ్రప్‌తో కలిసి అలలను ముందుగా అంచనా వేసే పద్ధతి తయారు చేశాడు. బోటు నడిపేవాళ్లు కంటితో చూసి చెప్పే ఎత్తు మామూలు సగటు కన్నా ఎప్పుడూ ఎక్కువగా ఉండేది, ఎందుకంటే మనిషి కన్ను చిన్న అలలను లెక్కలోకి తీసుకోదు. వాళ్లు చెప్పే ఎత్తుకి దగ్గరగా వచ్చేది పెద్ద మూడో వంతు సగటు. దాన్నే ఖాయం చేశారు, ఇవాళ ఇన్‌కాయిస్ బులెటిన్‌లో చూసేదీ అదే. బోటు నడిపేవాడి కన్నే ఈ కొలతకు ఆధారం కాబట్టి మీ కంటి అంచనాను బులెటిన్‌తో రోజూ సరిచూసుకోవచ్చు. అలా చేస్తే కొన్నాళ్లకు కన్ను కుదురుకుంటుంది.

ఎత్తు పక్కన వ్యవధి చూడకపోతే సగం చదివినట్టే. లోతు నీళ్లలో అల పొడవు తెలుసుకోవాలంటే వ్యవధిని దాంతోనే గుణించి 1.56తో మళ్లీ గుణించండి, మీటర్లలో వస్తుంది. 12 సెకన్ల స్వెల్ అయితే దాదాపు 225 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల ఎత్తున్నా బోటు మెల్లగా ఎక్కి దిగుతుంది, నడిసముద్రంలో దాన్ని పట్టించుకోరు. అదే 1.5 మీటర్లు 4 సెకన్ల గాలి అల అయితే పొడవు 25 మీటర్లే, 12 మీటర్ల బోటు ఒక అల మీద నుంచి ముక్కు తేల్చి నేరుగా రెండోదాని మొహాన పడుతుంది. బులెటిన్‌లో ఎత్తు ఒకటే, రోజులు మాత్రం పూర్తిగా వేరు. అయితే మొగ (నదో ఉప్పుటేరో సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి, ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి ఈ మాట తిరగబడుతుంది. ఆ పొడుగు స్వెల్లే లోతు తగ్గేకొద్దీ లేచి నిలబడి విరుగుతుంది. కాబట్టి నడిసముద్రంలో పనైతే పొట్టి వ్యవధికి భయపడండి, ఒడ్డున దిగే పనైతే పొడుగు వ్యవధికి.

గాలి దిశ కూడా చూడండి. మన తీరంలో పడమటి గాలి మోసం చేస్తుంది. నేల మీద నుంచి వీస్తుంది కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్లు చదునుగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ అల పెరుగుతూ పోతుంది, ఇంజిన్ ఆగితే గాలి మిమ్మల్ని ఇంకా లోపలికి తోస్తుంది. తూర్పు గాలి అలా దాచదు, దాని బలమంతా ఒడ్డు మీదే కనిపిస్తుంది. గాలికి, ప్రవాహానికి మధ్య పోటీ ఇంకోటి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట నీరు ఉత్తరానికి పారుతుంది, ఆ రోజుల్లో ఉత్తరపు గాలి ఎదురు వీస్తే అలలు కుదించుకుపోయి నిట్రంగా లేస్తాయి, గాలి వేగం మాత్రం బులెటిన్‌లో మామూలుగానే ఉంటుంది.

మొగ దాటడం

మన గస్తీ బోట్లు చాలావరకు నది మొగల నుంచో ఉప్పుటేరుల నుంచో చేపల రేవుల నుంచో బయటికి రావాలి. ప్రమాదాలకు ఎక్కువ అవకాశం ఉన్నది ఇక్కడే, నడిసముద్రంలో కాదు. లోతు అల ఎత్తుకి ఒకటింపావు రెట్లకు కాస్త పైన ఉన్నచోట అల విరుగుతుంది, అంటే 1.5 మీటర్ల అల 2 మీటర్ల లోతున్న ఇసుక మేట మీద విరిగిపడుతుంది. మన వైపు పున్నమికి, అమావాస్యకు పోటుకీ పాటుకీ తేడా దాదాపు 1.5 మీటర్లు. 2 మీటర్ల లోతు మేట మీద ఆ తేడా ఎంతో ఆలోచించండి. పొద్దున పోటు మీద హాయిగా దాటిన మొగ మధ్యాహ్నం పాటు మీద తెల్లగా నురగ కక్కుతూ ఉంటుంది, బయట సముద్రం ఏమీ మారకపోయినా.

పాటు తీసేటప్పుడు నీరు బయటికి ఉరుకుతుంది, స్వెల్ లోపలికి వస్తుంది, రెండూ ఎదురెదురు. దానికి తోడు జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి, కృష్ణ వరద నీరు కలిస్తే ఆ పాటు ఇంకా జోరుగా, ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, పైగా దుంగలు, గుర్రపుడెక్క మేటలు కొట్టుకొస్తాయి. వాటర్‌జెట్ బోటు గుర్రపుడెక్క పీల్చుకుందంటే సరిగ్గా మొగ మధ్యలో ఆగిపోతుంది.

కాబట్టి ఇలా చేయండి. పోటు ఆఖరి గంటలో, నీరు నిలకడగా ఉన్నప్పుడు దాటేలా బయల్దేరే టైము పెట్టుకోండి. అంతకన్నా ముఖ్యంగా, తిరిగొచ్చే టైముకి నీరు ఎలా ఉంటుందో ముందే చూసుకోండి. పోటు మీద బయటికి పోయి ఆరు గంటల గస్తీ తర్వాత వస్తే సరిగ్గా పాటు మధ్యలోనో చివర్లోనో మొగ దగ్గరికి వస్తారు. గస్తీని రెండు మూడు గంటలకు కుదించండి, లేకపోతే తర్వాతి పోటు దాకా బయటే ఉండేలా డీజిలు, నీళ్లు, తిండి పెట్టుకోండి. చార్టును నమ్ముకోవద్దు, ఒక్కో వరదకీ ఇసుక మేట జరుగుతుంది. ఆ రోజు పొద్దున వేటకి పోయొచ్చిన సరంగుని అడగండి, దారి ఏ పక్క ఉందో చేత్తో చూపిస్తాడు. ఆ మాటకి నేనిచ్చే విలువ ఏ పరికరానికీ ఇవ్వను.

మొగ దగ్గర ఆగి పది పదిహేను నిమిషాలు ఊరికే చూడండి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, గుంపు పోయాక కాసేపు సద్దుమణుగుతుంది. అల విరగకుండా నీరు ముదురు రంగులో కనిపించే చోటే దారి. లైఫ్ జాకెట్లు బిగించి, మూతలన్నీ వేసి, నడిపేవాడి ఒంటికి ఇంజిన్ ఆపే తాడు తగిలించుకున్నాకే కదలాలి. బయటికి పోయేటప్పుడు ముక్కు నేరుగా అలకే పెట్టి, ఎక్కేదాకా పవర్ ఇచ్చి, శిఖరానికి రాగానే తగ్గించండి, లేదంటే బోటు గాల్లోకి లేచి అవతల గుంటలో పడుతుంది. లోపలికి వచ్చేటప్పుడు కథ వేరు. ఒక అల వీపు ఎక్కి దాంతోపాటే రండి. దాన్ని దాటి ముందుకు దూకినా, వెనకబడి తర్వాతి అలకి చిక్కినా బోటు వెనక భాగం పైకి లేస్తుంది, చుక్కాని పట్టు వదులుతుంది, బోటు అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన చిన్న బోటుని తర్వాతి అల బోల్తా కొట్టిస్తుంది. ఇదంతా నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. లోపలికి రావడం బయటికి పోవడం కన్నా కష్టమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కాకినాడ వాళ్లకు ఇంకో జాగ్రత్త. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డుగా ఉండటం వల్ల బే లోపల నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, దీవి కొస దాటగానే అసలు సముద్రం మొదలవుతుంది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ చాటున, రేవు గోడల చాటున నిలబడి చూసినా అంతే. జెట్టీ మీద నుంచి చూసి సముద్రం బాగుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు.

దారిలో వేగం

25 నాట్స్ వేగంతో (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) 5 సెకన్ల గాలి అలలకు ఎదురెళ్తే దాదాపు ప్రతి రెండు సెకన్లకీ ఒక అల తగులుతుంది. గంటకి సుమారు 1,900 అలలు. అన్నీ దెబ్బ కొట్టవు, కానీ కొట్టిన ప్రతిదీ అడుగు పలక నుంచి సీటుకి, సీటు నుంచి వెన్నుకి ఎక్కుతుంది. వేగం 10 నాట్స్‌కి తగ్గిస్తే మూడు సెకన్లకి ఒకటి, దెబ్బ బలం ఇంకా బాగా తగ్గుతుంది. స్ప్రింగు సీట్లున్న బోట్లలో కూడా హద్దు మనిషే. నిలబడి, మోకాళ్లు కాస్త వంచి, రెండు చేతులతో పట్టుకుని ప్రయాణించే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి, బల్ల మీద నిటారుగా కూర్చుని దెబ్బలు తినొద్దు. గంటసేపు ఇలా కొట్టుకున్న జట్టు తర్వాత గురి చూసి ఆయుధం పట్టుకోలేదు, నైట్ విజన్‌లో కన్ను నిలపలేదు, రేడియోలో విన్న నంబరు తప్పు రాసుకుంటుంది. అందుకే కమాండరు లెక్కలో చేరే టైముతో పాటు, చేరాక జట్టు పనికొచ్చే స్థితిలో ఉంటుందా అన్నదీ ఉండాలి. చుట్టుదారిన పోయి పది నిమిషాలు ఆలస్యంగా చేరినా పనికొచ్చేవాళ్లు నలుగురు చేరడం మేలు.

ఎదురు అలలో ఇంజిన్ ట్రిమ్ (ఇంజిన్ వాలు మార్చే మీట) కిందికి పెట్టి ముక్కు దించండి, అలకి నేరుగా కాకుండా 30, 40 డిగ్రీల వాలుగా కొంతసేపు అటు, కొంతసేపు ఇటు పోండి. వెనక నుంచి అల వస్తుంటే ముక్కు పైకి లేపి పెట్టండి. 5 సెకన్ల అల దాదాపు 15 నాట్స్ వేగంతో కదులుతుంది కాబట్టి మీరూ అదే 15 నాట్స్‌లో పోతే దాని మొహం మీదే కూర్చుండిపోతారు, మొగలో చెప్పిన ప్రమాదమే ఇక్కడా వస్తుంది. వేగం దానికన్నా స్పష్టంగా ఎక్కువో తక్కువో ఉంచండి. వెనక అలలో ప్రయాణం మెత్తగా ఉంటుంది కాబట్టి తెలియకుండానే దూరం పోతారు, తిరిగి రావాల్సింది మాత్రం ఎదురు అలలోనే.

డీజిలు లెక్క కూడా ఇక్కడే తప్పుతుంది. ఈ బోట్లు నీటి మీద తేలి పరిగెత్తినప్పుడే తక్కువ తాగుతాయి. అల పెరిగి వేగం తగ్గించారంటే ముక్కు ఎత్తి నీటిని దున్నుకుంటూ పోతాయి, మైలుకి ఖర్చు బాగా పెరుగుతుంది. చదును నీళ్లలో కొలిచిన మైలేజీ పట్టుకుని పోవద్దు. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలిన మూడో వంతు ముట్టుకోకూడదు.

పని దగ్గర

బోటు చేరింది, ఇప్పుడు పని. చాలామంది అంచనా తప్పేది ఇక్కడే. ట్రాలర్‌ని తనిఖీ చేయాలంటే పక్కన ఆనుకోవాలి. రెండు పడవలు రెండు రకాలుగా లేస్తాయి, పడతాయి. 1.5 మీటర్ల అలలో ఒకటి లేచి ఒకటి పడినప్పుడు మధ్య తేడా మనిషి ఎత్తు దాటుతుంది, ఆ సమయంలో నిచ్చెన పట్టుకుని ఉన్నవాడి కాలు రెంటి మధ్యలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఎదుటి నౌకని గాలికి కాస్త అడ్డంగా తిప్పించి, మెల్లగా నడుస్తూ ఉండమని చెప్పి, గాలి చాటు వైపు నుంచి వెళ్లండి. పైకి ఎక్కేవాడు బోటు అల శిఖరం మీద ఉన్నప్పుడు నిచ్చెన అందుకోవాలి, అప్పుడే బోటు కిందికి పోతుంది, మనిషి నిచ్చెన మీద ఉంటాడు. బోటు గుంటలో ఉన్నప్పుడు అందుకుంటే అదే బోటు లేచి వచ్చి కాళ్లకి తగులుతుంది. రెండు మూడు సార్లు ప్రయత్నించి కుదరకపోతే ఎక్కొద్దు. రేడియోలో మాట్లాడి, రేవుకి నడిపించుకొచ్చి అక్కడ తనిఖీ చేయండి, దాంతో పరువేమీ పోదు.

కనపడటం ఇంకో సమస్య. చిన్న బోటు మీద రాడార్ యాంటెన్నా నీటికి మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అల పెరిగితే తెర మధ్యలో అల ప్రతిఫలనాలు మచ్చలా కమ్ముకుంటాయి, వాటిని తగ్గించే మీట తిప్పితే వాటితోపాటు ఫైబర్ తెప్ప కూడా మాయమవుతుంది. వాన పడితే ఇంకా కష్టం. 2 మీటర్ల అలలో చిన్న తెప్ప సగం సేపు గుంటలోనే ఉంటుంది. అంటే మీ బోటు ఆ సముద్రంలో తిరగగలిగినా మీరు చేసేది గస్తీ కాదు, డీజిలు తగలేయడం. ఆ రోజు తీరం మీది రాడార్ స్టేషనుకీ పెద్ద నౌకకీ పని వదిలి, మీరు రేవులో సిద్ధంగా ఉండటమే సరైన గస్తీ.

పెద్ద నౌక మీద నుంచి దించే బోటైతే, దించడం సులువు, మళ్లీ ఎక్కించుకోవడం కష్టం. కొక్కెం తగిలించే ఆ కొద్ది క్షణాల్లో బోటు లేస్తూ పడుతూ ఉంటుంది, పైన తాడు సడలుతూ బిగుస్తూ ఉంటుంది, కొక్కెం దిమ్మ తల ఎత్తులో ఊగుతుంది. కాబట్టి దించేటప్పటి అల చూసి నిర్ణయించొద్దు. పని ముగిసే గంటకి అల ఎంతుంటుందని బులెటిన్ చెబుతోందో అది చూసి దించండి.

ఒడ్డున జవాన్లను, వాహనాలను దింపే పనికి హద్దు ఇంకా ముందే వస్తుంది. విశాఖలో ఉండే ఐఎన్ఎస్ జలాశ్వ లాంటి నౌకల నుంచి దిగే బోట్లు ముక్కు తలుపు తెరిచి ఇసుక మీద ఆగాలి, ఆగిన క్షణం నుంచి వెనక నుంచి వచ్చే ప్రతి అలా వాటిని అడ్డం తిప్పాలని చూస్తుంది. 2019 నవంబరులో భారత్, అమెరికా కలిసి చేసిన టైగర్ ట్రయంఫ్ విన్యాసాల్లో కాకినాడ తీరాన జనం చూసింది ఈ పనినే. యుద్ధంలో ఇది ఎలా తప్పుతుందో చెప్పడానికి రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యం ఫ్రాన్స్ తీరాన దిగిన 1944 జూన్ 6 నార్మండీని మించిన ఉదాహరణ లేదు. వాతావరణ అధికారి జేమ్స్ స్టాగ్ మాట మీద ఆ సైన్యం కమాండర్ ఐసెన్‌హోవర్ దాడిని 5 నుంచి 6కి వాయిదా వేశాడు, ఆ సంగతి అందరికీ తెలుసు. 6 పొద్దున కూడా సముద్రం పూర్తిగా సద్దుమణగలేదు. నార్మండీలోనే అమెరికన్లు దిగాల్సిన ఒమాహా తీరం ముందు కాన్వాసు తెరలు కట్టుకుని నీటి మీద తేలే ట్యాంకులను దించాలి. 741వ బెటాలియన్ వాళ్లు తీరానికి చాలా దూరంలోనే 29 ట్యాంకులను నీళ్లలోకి దించితే 27 మునిగిపోయాయి. పక్కనే 743వ బెటాలియన్ వైపు అధికారులు ఆ అల చూసి దించడం మానేసి, ట్యాంకులను మోసుకొచ్చిన బోట్లనే ఒడ్డు దాకా నడిపించారు. సముద్రం ఒకటే, పొద్దు ఒకటే. బోట్లు రెండు చోట్లా ఆ అలని తట్టుకున్నాయి, తట్టుకోలేనిది వాటిలోంచి దిగిన వస్తువు. మీ జట్టులో అన్నిటికన్నా బలహీనమైనది ఏదో, దాని హద్దే మీ హద్దు.

మన తీరానికి నెలల లెక్క

జనవరి నుంచి మార్చి మధ్య దాకా మంచి రోజులు, డెల్టా వైపు తెల్లవారుజాము పొగమంచు ఒక్కటే చూసుకోవాలి. ఎండలు ముదిరాక పొద్దున నీళ్లు నెమ్మదిగా ఉండి మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది, జెమినీ పనులన్నీ పది గంటల లోపు ముగించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి సముద్రంలో పడవలు తక్కువ, గస్తీకి అది అనుకూలమే. అయితే ఈ రోజుల్లోనే రెండు ప్రమాదాలున్నాయి. ఉత్తరాంధ్రలో సాయంత్రాలు ఉరుములతో విరుచుకుపడే ఈదురుగాలి ఒకటి. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో పుట్టి, ఇక్కడ గాలి లేకపోయినా ఆకాశం నిర్మలంగా ఉన్నా ఒడ్డు మీద విరుచుకుపడే పొడుగు స్వెల్ రెండోది. కేరళలో దాన్ని కల్లక్కడల్ అంటారు. 15 సెకన్లు దాటిన వ్యవధి బులెటిన్‌లో కనిపిస్తే ఒడ్డున దిగే పని పెట్టుకోవద్దు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. విశాఖ ఎదుట అల తరచూ ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్లు. చిన్న బోట్లకి ఈ నెలల్లో పని రోజులు తక్కువే, దాన్ని ఒప్పుకుని ప్లాన్ వేసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. విశాఖ మీద 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, పలాస దగ్గర 2018 అక్టోబరు 11న తిత్లీ, బాపట్ల దగ్గర 2023 డిసెంబరు 5న మిచౌంగ్. తుపాను ఇంకా దూరంగా ఉండగానే దాని స్వెల్ ముందొస్తుంది, 12 సెకన్ల స్వెల్ రోజుకి దాదాపు 800 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. గాలి లేకుండా మొగ దగ్గర అల బరువుగా, ఆగి ఆగి విరగడం మొదలైతే బులెటిన్ మళ్లీ తెరిచి చూడండి. రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసిన దగ్గర నుంచి చిన్న బోటుకి బయట పని లేదు, ఒడ్డున గట్టిగా కట్టుకునే పనే ఉంది.

అంకెలు

నా అంచనాలో జెమినీకి ఒక మీటరు దాటితే వద్దు, ఆర్‌హెచ్‌ఐబీని నౌక నుంచి దించి ఎక్కించుకోవడానికి ఒకటిన్నర మీటర్లు, పోలీసుల 12 టన్నుల బోటు గస్తీకి రెండు మీటర్లు, అదీ వ్యవధి 6 సెకన్లకు పైనుంటేనే. రాత్రిపూట ప్రతిదాంట్లో మూడో వంతు తగ్గించుకోండి, అల వస్తున్నది కనపడదు కాబట్టి. మీ యూనిట్ ఆదేశాల్లో ఇంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే చెల్లుతుంది. గాలి 10 నాట్స్ నుంచి 20కి పెరిగితే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది, ఆ మాట మనసులో పెట్టుకుని బులెటిన్‌లో గాలి ఎక్కే దారిలో ఉందా దిగే దారిలో ఉందా చూడండి. ఎక్కే దారిలో ఉంటే హద్దుకి దగ్గరగా ఉన్నా మానేయండి.

బయల్దేరే ముందే వెనక్కి తిరిగే షరతులు కాగితం మీద రాసి జట్టంతటికీ వినిపించండి. అల ఇంత దాటితే, పడమట నల్లమబ్బు లేస్తే, రెండు ఇంజిన్లలో ఒకటి ఆగితే, డీజిలు ఇంతకి వస్తే, జట్టులో ఒకరు వాంతులతో లేవలేకపోతే. సముద్రంలో అలసిపోయాక కొత్తగా నిర్ణయాలు తీసుకోవడం కష్టం, రాసుకున్నది అమలు చేయడం తేలిక. జట్టులో ఎంత చిన్నవాడైనా "సార్, షరతు దాటింది" అంటే బోటు తిప్పాలి, వాదన ఒడ్డుకొచ్చాక.

ఒక్క సందర్భంలో ఈ లెక్కలన్నీ పాటించడం కష్టమవుతుంది. వేటకి పోయినవాళ్లు బోల్తా పడ్డారని కబురొచ్చినప్పుడు. అప్పుడు ఆగమని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. అయినా వరస తప్పొద్దు. ముందు కోస్ట్ గార్డు 1554కి చెప్పండి, పెద్ద బోటు, హెలికాప్టరు అక్కడి నుంచి కదలడానికి టైము పడుతుంది కాబట్టి. మీరు వెళ్తే ఒక్క బోటుతో వెళ్లొద్దు, రెండు వెళ్లాలి, రెండోది విరిగే అలల బయటే ఆగాలి. బరువు తగ్గించుకోండి, ఆయుధాలు, అదనపు మనుషులు ఒడ్డునే ఉండనీయండి, తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకునే మనుషుల బరువు ఇప్పుడే లెక్కలో వేయండి. తడిసి నీళ్లు పట్టిన బట్టలతో ఉన్న మనిషిని గాలి చాటు వైపు నుంచి, ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి, ఇద్దరు కలిసి లాగాలి. మొగ మూసుకుపోయి ఉంటే అదే మొగలోకి మళ్లీ రావద్దు. ఎంత దూరమైనా సరే పెద్ద రేవుకి, విశాఖకో కాకినాడకో కృష్ణపట్నానికో పోండి, ఆ దూరానికి సరిపడా డీజిలు బయల్దేరేటప్పుడే పోసుకోండి.